ముప్పై కౌంటు ముద్దలు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ముందే ఒక మాట చెప్పేస్తాను. పెళ్లిచూపుల్లో మీరేం పని చేస్తారని ఎవరైనా అడిగితే "ల్యాబ్‌లో ఉద్యోగం" అని ఊరుకోండి. నేను నిజం చెప్పి చెడ్డాను. "మసి, మడ్డి, బూడిద ఎంత గుల్లగా ఉన్నాయో కొలుస్తానండీ" అన్నాను. అవతలివాళ్లు కాఫీ సగంలో ఆపేసి లేచారు. చివరికి నన్ను చేసుకున్నాయన కూడా ఆ మాటకి నవ్వినవాడే. కాకపోతే ఆయన కాఫీ పూర్తిగా తాగి నవ్వాడు. అది చూసే ఒప్పుకున్నాను.

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి మొన్నీమధ్యే రిటైరయ్యాను. రైస్ మిల్లుల బూడిద, రొయ్యల మేత పొడి, కాలవ నీళ్లు, ఏది తెచ్చి బల్ల మీద పెడితే దాన్నే చూసేదాన్ని. ప్రమోషన్ల సంగతి రాయను. మా ల్యాబ్‌లో ఉన్నది ఒకటే పై మెట్టు, దాని మీద మా యజమాని భాస్కరరావు గారు స్థిరంగా కూర్చుని ఉండేవారు.

భాస్కరరావు గారు మంచివారు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఆయనకి ఒక సిద్ధాంతం ఉండేది: కస్టమర్‌కి ఒక్క సంఖ్య ఇవ్వాలి, అది కూడా సైజు అయి ఉండాలి. రేణువు ఎంత పెద్దది? అంతే. అది లోపల ఎలా ఉందో ఎవడిక్కావాలి అనేవారు. నా ఉద్యోగమంతా ఆ "ఎవడిక్కావాలి"తో పడ్డ పేచీయే అనుకోండి.

సున్నుండ, అప్పడం, పీచు మిఠాయి

రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి. ఆ ముద్ద లోపల గట్టిగా ఉందా, గుల్లగా ఉందా చెప్పడానికి ఫ్రాక్టల్ డైమెన్షన్ అని ఒక కొలత ఉంది. దాన్ని మొదటిసారి రిపోర్టులో రాసినప్పుడు భాస్కరరావు గారు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకే వచ్చారు.

"ఏంటమ్మా సుశీలా ఇది? రెండుంబావు అని రాశావు. వస్తువన్నాక పొడుగు, వెడల్పు, ఎత్తు, మూడూ ఉంటాయి. ఈ పావు ఎక్కడిదమ్మా? బియ్యం కొలిచావా ఏంటి?"

మాటలతో అయ్యే పని కాదని మర్నాడు ఇంటి నుంచి సున్నుండలు, అప్పడాలు తీసుకెళ్లాను. ఆయన తిండి విషయంలో లెక్క తప్పరు.

"ఏవండీ, ఈ సున్నుండని రెండింతలు వెడల్పుగా చుట్టాలంటే ఎన్ని సున్నుండల పిండి పడుతుంది?"

"ఎనిమిది" అన్నారు, నోట్లో ఒకటి ఉండగానే.

"ఎనిమిదంటే రెండుని మూడుసార్లు వేసి గుణించినట్టు. అందుకని సున్నుండ లెక్క మూడు. అప్పడం రెండింతలు వెడల్పు చేస్తే?"

"నాలుగప్పడాల పిండి."

"రెండుని రెండుసార్లే. అప్పడం లెక్క రెండు. మరి పీచు మిఠాయి రెండింతలు చేస్తే?"

ఆయన నమలడం ఆపారు. మాటవరసకి చెప్పిన ఉదాహరణే కానీ పనిచేసింది. పీచు మిఠాయి రెండింతలు లావైతే పంచదార ఎనిమిదింతలు పట్టదు. ఏ ఐదింతలతోనో సరిపోతుంది. మిగతాదంతా గాలే. అందుకని దాని లెక్క రెండుకీ మూడుకీ మధ్య ఎక్కడో ఆగుతుంది. ఆ పావు అక్కడిది. లెక్క మూడుకి దగ్గరైతే ముద్ద గట్టిది, రెండుకి దిగితే గుల్ల. ఇంకో సంగతి, గుల్ల ముద్ద పెరిగేకొద్దీ ఇంకా గుల్లైపోతుంది. సున్నుండకి ఆ బాధ లేదు.

"అర్థమైంది" అన్నారు ఆయన చేతులు దులుపుకుంటూ. "అయినా రిపోర్టులో రాయకు."

రాయకుండా ఉంటానా? ఒకసారి ఓ మిల్లు పక్కనుండే గృహిణి ఆరేసిన బట్టల మీద మసి పడుతోందని వచ్చింది. మిల్లు వాళ్లు అంత పెద్ద మసి అంత దూరం ఎగరదని వాదించారు. మైక్రోస్కోపు కింద పెడితే అది గొలుసులు గొలుసులుగా, కొమ్మలు కొమ్మలుగా ఉంది. లెక్క రెండుకి కూడా రాలేదు. చూపుకి పెద్దదే, బరువు మాత్రం లేదు, ఎంత దూరమైనా ఎగురుతుంది. ఆ ముక్క రిపోర్టులో ఉండబట్టే మిల్లు వాళ్లు పొగ గొట్టానికి జల్లెడ బిగించారు. ఆ గృహిణి ఇప్పటికీ బజార్లో కనిపిస్తే తెల్ల చీర చూపించి నవ్వుతుంది.

ఇలాంటివి చాలా ఉన్నాయి. కానీ మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే కేసు, కైకలూరు దగ్గర ఊరిది. అక్కడ మసి బట్టల మీద కాదు, ఒక అమ్మాయి పేరు మీద పడబోయింది.

బస్సులో వచ్చిన సీసా

కైకలూరు అవతల కొల్లేరు అంచున ఓ ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు ఉంది. కాలవ నీళ్లు తొట్టిలోకి తీసుకుంటారు. పటిక కలుపుతారు. మోటారుతో తిరిగే పెద్ద తెడ్లు నెమ్మదిగా కలియబెడతాయి. నీటిలోని బంకమట్టి పటికతో కలిసి తెల్లటి దూదిలాంటి ముద్దలు కడుతుంది. ఆ నీళ్లు ఒక గోడ మీద నుంచి పొర్లి రెండో తొట్టిలో పడతాయి. అక్కడ ముద్దలు అడుక్కి దిగిపోతే పైన తేట నీళ్లు ఇసుక ఫిల్టర్‌కి వెళ్తాయి. ముద్దలు దిగకపోతే ఫిల్టర్ పూడుకుపోతుంది, కుళాయిలో మడ్డి వస్తుంది. ప్లాంటు కథంతా ఇంతే.

అక్కడ కెమిస్టుగా కరుణ అనే అమ్మాయి చేరింది. పెదపాడు పిల్ల, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, కాంట్రాక్టు ఉద్యోగం, మొదటి ఉద్యోగం. ఆమె చేరిన కొన్నాళ్లకే కుళాయిల్లో బురద నీళ్లు మొదలయ్యాయి. ఊళ్లో డబ్బున్నవాళ్లు టిన్ను నీళ్లు కొనుక్కుంటారు కాబట్టి వాళ్లకేం పట్టలేదు. పైపు చివర ఉన్న కాలనీ వాళ్లు కుళాయి నీళ్లే తాగుతారు. ఆ ఆడవాళ్లు ఒకరోజు బకెట్టు నిండా మడ్డి నీళ్లు తెచ్చి ప్లాంటు గేటు ముందు పెట్టి, మరియమ్మ అనే ఆవిడ ముందుండి, "ఇవి మీ ఇంట్లో తాగుతారా అమ్మా?" అని కరుణని అడిగారు. కరుణ పటిక తక్కువ వేస్తోందని ఎవరో పుకారు పుట్టించారు. పటిక ఏమవుతోందో మీరే ఊహించుకోండి అని ఇంకెవరో తోక తగిలించారు.

కరుణ తనని తాను కాపాడుకోవడానికి మంచి పనే చేసింది. ముద్దలున్న నీళ్లు సీసాలో పట్టి మా ల్యాబ్‌కి పంపింది. అప్పుడు నేను జంగారెడ్డిగూడెంలో మా చెల్లెలి ఇంట్లో శుభకార్యంలో ఉన్నాను. సీసాని భాస్కరరావు గారే చూశారు. చూసి ప్లాంటు కమిటీ ప్రెసిడెంటుకి ఫోన్ చేసి, "ముద్దలు బాగా చిన్నవిగా ఉన్నాయండీ. పటిక చాలుతున్నట్టు లేదు" అని చెప్పేశారు. ఒక్క సంఖ్య, అది కూడా సైజు!

నేను తిరిగొచ్చిన రోజే కరుణ ఫోన్ చేసింది.

"మేడం, నేను పటిక ఎక్కువే వేస్తున్నానండీ, ప్రెసిడెంటు గారు చెప్పినట్టే. ఇప్పుడు మీ ల్యాబ్ మాట పట్టుకుని సోమవారం కమిటీలో నన్ను తీసేస్తారంటండీ. ఉద్యోగం పోతే పోయింది. కానీ పటిక దొంగ అని పేరొస్తే నన్ను ఇంకెవరు పెట్టుకుంటారండీ?"

నాకు ఒళ్లు మండింది. నేరుగా భాస్కరరావు గారి గదిలోకి వెళ్లాను.

"ఏవండీ, ఆ సీసా కైకలూరు నుంచి ఎలా వచ్చింది?"

"బస్సులోనమ్మా. డ్రైవర్‌కి చెప్పి జాగ్రత్తగా ఇంజన్ పక్కనే పెట్టించారు."

"ఇంజన్ పక్కన! కొల్లేరు గట్ల మీద, ఏలూరు మీదుగా, ఆ గుంతల్లో తాడేపల్లిగూడెం దాకా! మిమ్మల్ని అలా సీసాలో పెట్టి తెస్తే మీరైనా చిన్నగా అవుతారండీ."

ఆయన నవ్వబోయి ఆగారు. అర్థమైంది. గుల్ల ముద్దలు దారి పొడుగునా ఊగి, చితికి, చిన్న చిన్న రవ్వలై మాకు చేరాయి. మేము చూసింది ప్లాంటు ముద్దల్ని కాదు, బస్సు చేసిన ముద్దల్ని. పిల్లలూ, ఈ వృత్తిలో దీన్ని మించిన పాఠం లేదు. ముద్దని అది పుట్టిన చోటే కొలవాలి. మీ దగ్గరకి రప్పించుకుంటే అది మీకు తన దారి కష్టాలు చెబుతుంది తప్ప తన సంగతి చెప్పదు.

భాస్కరరావు గారు బల్ల మీది తాళాలు అందుకున్నారు. "పద, కారు తీస్తాను" అన్నారు.

ప్రెసిడెంటు గారి కంటి కొలత

ప్లాంటులో మొదటి తొట్టి దగ్గరకి వెళ్లేసరికి నిజంగానే ముచ్చటేసింది. నీళ్ల నిండా మల్లెపూలంత ముద్దలు, తెల్లగా, మెల్లగా తిరుగుతున్నాయి. అంత అందమైన మడ్డిని నేను ఎన్నడూ చూడలేదు. అదే నాకు అనుమానం తెచ్చింది.

ప్రెసిడెంటు సూర్యనారాయణ గారు ఎదురొచ్చారు. రొయ్యల చెరువుల రైతు, పెద్దమనిషి, తెల్ల పంచె.

"ఆయ్, రండి మేడం గారు, కూర్చోండి. ముందు కొబ్బరినీళ్లు తాగండి. చూశారాండీ మా ముద్దలు? నేను రాకముందు ఆవగింజల్లా ఉండేవి. పటిక పెంచించాను, తెడ్లు నెమ్మది చేయించాను. మేం చూడనప్పుడే ఆ అమ్మాయి పటిక తగ్గిస్తున్నట్టుంది గానీ, ఇప్పుడు చూడండి, ముప్పై కౌంటు!"

ఈ ముక్క అర్థం కావాలంటే రొయ్యల బేరం తెలియాలి. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు. వంద తూగితే వంద కౌంటు. రొయ్య ఎంత పెద్దదైతే అంత ధర. కొల్లేరు చుట్టూ వల లాగగానే మనిషి కన్ను ముందు సైజు మీదకే పోతుంది. సూర్యనారాయణ గారి తప్పు ఏమిటంటే మడ్డికి కూడా కౌంటు కట్టారు. మనసు మంచిదే, ఊరి నీళ్లు బాగుండాలనే ఆయన తాపత్రయం. కానీ ఆ మంచితనం వల్లే నీళ్లు పాడయ్యాయి, నింద మాత్రం కరుణకి తగిలింది.

"పెద్ద ముద్దలన్నీ గట్టివి కావని మీరు చెప్పలేదా అమ్మా?" అని కరుణని పక్కకి పిలిచి అడిగాను.

"చెప్పానండీ. ఇన్ని పెద్ద ముద్దలు కళ్ల ముందు కనబడుతుంటే నీకేం తెలుసమ్మా అన్నారండీ. కళ్లకి కనబడేదాన్ని నేనెలా కాదంటానండీ?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే నా కొలత పుట్టింది. పొడవైన గాజు గొట్టం నిలబెట్టాం, వెనక నల్లగుడ్డ కట్టాం, పక్కన టార్చి పెట్టాం. వెడల్పు మగ్గుతో ముద్దలు చితకకుండా ముంచి తీసి, గొట్టంలోకి నీటి అంచు దగ్గర నుంచి మెల్లగా వదిలాం. ఇరుకు గొట్టంతో పీల్చారో, పని చెడింది. కరుణ ఫోనుతో వీడియో తీసింది. ఏ సైజు ముద్ద ఎంత వేగంగా దిగుతోందో చూసి గీత గీస్తే, ఆ గీత వాలుని బట్టి ఆ గుల్లతనం లెక్క తేలుతుంది. ఆవగింజంత ముద్దకీ మల్లెపువ్వంత ముద్దకీ వేగంలో తేడా ఉండాల్సినంత లేనే లేదు. లెక్క రెండుకి లోపే పడింది. పీచు మిఠాయి కూడా కాస్త నయం.

లూజ్ షెల్

సోమవారం కమిటీ ప్లాంటు వసారాలో కూర్చుంది. సూర్యనారాయణ గారు, మరికొందరు సభ్యులు, ఒక మూల కరుణ. భాస్కరరావు గారు నాకంటే ముందే లేచారు. ఆయన లేస్తారని నేను అనుకోలేదు.

"అయ్యా, ఫోన్లో చెప్పిన మాట నాదండీ. సీసా బస్సులో కుదుపులు తిని వచ్చింది. నేను అది ఆలోచించకుండా నోరు జారాను. ఆ మాట మీద ఈ అమ్మాయిని ఏమీ అనకండి, అనాలంటే నన్ను అనండి."

ఆయనతో నాకు ఎన్ని పేచీలున్నా ఆ నిమిషాన లేచి దండం పెట్టాలనిపించింది. బాసు ఎలాంటివాడో ప్రమోషన్ ఇచ్చేటప్పుడు కాదు, ఇలాంటప్పుడే తెలుస్తుంది.

సభ్యుల్లో ఒకాయన మాత్రం వదల్లేదు. "అంతా బాగానే ఉందండీ, మరి కుళాయిలో మడ్డి ఎందుకొస్తోంది? కెమిస్టు ఆవిడే కదండీ?"

అప్పుడు కారులో తెచ్చిన కలియబెట్టే యంత్రం బల్ల మీద పెట్టాం. రెండు గాజు జాడీల్లో అదే కాలవ నీళ్లు. ఒకదానిలో సూర్యనారాయణ గారి పద్ధతి, పటిక ఎక్కువ, తెడ్డు నెమ్మది. రెండోదానిలో కరుణ మొదట్లో చేస్తూ వచ్చిన పద్ధతి, పటిక తక్కువ, తెడ్డు కాస్త జోరు. కాసేపటికి ఒకదానిలో మల్లెపూలు, రెండోదానిలో బొంబాయి రవ్వ.

"ఏది బాగుందండీ?" అన్నాను.

"అడగాలాండీ?" అన్నారు సూర్యనారాయణ గారు మల్లెపూల వైపు చేయి చూపిస్తూ. కమిటీ మొత్తం తలూపింది. కరుణ ముఖం చూడలేకపోయాను.

"సరేనండీ. మరి మీ తొట్టిలో నీళ్లు గోడ మీద నుంచి కిందకి పడతాయి కదా. ఇవీ అలాగే పడాలి కదండీ?"

భాస్కరరావు గారు చెక్క పలక వాలుగా పట్టుకున్నారు. నేను మొదటి జాడీ నీళ్లు దాని మీదుగా ఖాళీ జాడీలోకి వంచాను. పువ్వులు పలక మీద నుంచి పడ్డాయి, కింద జాడీలో పాలలాంటి తెల్లటి నీళ్లు మిగిలాయి. ఒక్క పువ్వు లేదు. రెండో జాడీ నీళ్లూ అలాగే వంచాను. రవ్వ రవ్వగానే పడింది. అందరం కూర్చుని చూస్తుండగానే రవ్వ అడుక్కి చేరి పైన నీళ్లు తేటపడ్డాయి. పాలు పాలుగానే ఉన్నాయి.

సూర్యనారాయణ గారు కుర్చీ దగ్గరకి లాక్కుని, కళ్లజోడు తీసి, పాల జాడీలోకి వంగి చూశారు. ఆ పెద్దమనిషి సిగ్గుపడుతున్నారని తెలుస్తూనే ఉంది. నేను ఫ్రాక్టల్ డైమెన్షన్ అని మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఉండండి మేడం గారు. లూజ్ షెల్ అండీ ఇది."

చెరువుల వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెబుతాను. ఒక్కోసారి రొయ్యకి పెంకు పెద్దదిగా ఉండి లోపల కండ ఉండదు. నొక్కితే లొత్తగా ఉంటుంది. చూసి మురిసిపోయి పట్టిన రైతుకి బేరంలో కన్నీళ్లే. దాన్ని లూజ్ షెల్ అంటారు.

"కౌంటుకి వస్తుంది, కండ ఉండదు. నేను చెరువులో రొయ్యని నొక్కి చూడకుండా పట్టించనండీ. ఇక్కడ మాత్రం నొక్కి చూడలేదు" అని మిగతా సభ్యుల వైపు తిరిగారు. "అమ్మాయి తప్పేం లేదు. నా కన్నే మోసం చేసింది."

ఫ్రాక్టల్ డైమెన్షన్ అంటే ఏమిటో నేను సున్నుండలతో, గీతలతో, కంప్యూటర్ బొమ్మలతో ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. దానికి ఇంత మంచి తెలుగు నాకు తట్టనే లేదు. మీరు ఎవరికైనా చెప్పాలంటే ముందు వాళ్లు ఏం పండిస్తారో, ఏం అమ్ముతారో కనుక్కోండి.

కరుణ లేచి నిలబడింది. "ఉద్యోగంలో ఉంచుతారా అండీ?"

"ఉండమ్మా, ఉండు. నువ్వు కాక ఇంకెవరు?"

"అయితే ఒక్క మాటండీ. పటిక ఎంత, తెడ్ల స్పీడు ఎంత అన్నది ఇకనుంచి నేనే చెబుతానండీ. మీరు పెద్దవారు, మీరు చెప్పినా సరే, కొలవకుండా మార్చనండీ."

అంత మర్యాదగా అంత గట్టి మాట నేను ఎక్కడా వినలేదు. భాస్కరరావు గారు నా వైపు చూసి, ఈ పిల్లని మన ల్యాబ్‌కి లాగేద్దామా అన్నట్టు కనుబొమ్మలెగరేశారు. వద్దన్నట్టు తలూపాను. ఆమె అక్కడే కావాలి.

కాలనీ కుళాయి

కమిటీ ఒప్పుకున్నంత మాత్రాన పని అయిపోయిందనుకునేరు. నేనూ అలాగే అనుకున్నాను. కొన్నాళ్లకి కరుణ మళ్లీ ఫోన్ చేసింది. నీళ్లు తేటపడ్డాయట, ఫిల్టర్ పూడుకోవడం లేదట. "కానీ కాలనీ వాళ్లు ఇంకా నాతో మాట్లాడటం లేదండీ. కుళాయి నీళ్లు గిన్నెలు తోముకోవడానికే వాడుతున్నారు. తాగడానికి పక్కూరి నుంచి మోసుకొస్తున్నారండీ. మీరొకసారి వచ్చి చెప్పరూ?"

వెళ్లాను. చెప్పడానికి ఏముంటుంది? లూజ్ షెల్ అంటే వాళ్లకి నాకంటే బాగా తెలుసు, చెరువుల్లో పనిచేసేది వాళ్లే. నేను మూడు ముక్కలు మాట్లాడి ఆపేశాను. వాళ్లకి కావలసింది నా మాటలు కాదని వాళ్ల ముఖాలే చెప్పాయి.

మరియమ్మ కుళాయి తిప్పి స్టీలు గ్లాసు నింపింది. ఎండకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. అది కరుణ చేతికిచ్చింది.

"ముందు నువ్వు తాగమ్మా."

కరుణ తాగింది. ఎక్కడా ఆగకుండా, అడుగు దాకా. ఖాళీ గ్లాసు తిరిగి చేతికిచ్చి, "ఇంకో గ్లాసు పట్టండి మరియమ్మ గారూ" అంది.

మరియమ్మ ఆ గ్లాసే మళ్లీ నింపింది. ఈసారి కరుణకి ఇవ్వలేదు. తనే తాగింది.